గుమ్మం దాటిన తడిగుడ్డ

నృసింహావధాని గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ధర్మసందేహం అడిగితే ఆయన పుస్తకం తెరిచేవారు కాదు, "మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటావు?" అని అడిగేవారు. విశాఖపట్నంలో ఫ్లాటు కొనుక్కున్న వామనమూర్తికీ అదే జరిగింది. నేలంతా తనంతట తనే తిరుగుతూ ఊడ్చి తడిగుడ్డ పెట్టే యంత్రాన్ని తెచ్చి, "యంత్రానికి మైల ఉండదు కదండీ, దేవుడి గదిలోకి పంపవచ్చునా?" అని అడిగాడు. గురువుగారు శుక్రవారం వస్తానన్నారు. ఆయన వచ్చేదాకా ఆగకుండా ఇతగాడు దాన్ని పంపుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

అసలు ఆ గదిని ఇన్నాళ్ళూ మడికట్టుకుని తుడిచింది అతని తల్లి అలివేలమ్మ గారు. మోకాళ్ళు అరిగిపోయి ఇక వంగలేకపోయారు. ఇల్లంతా తుడిచే పైడమ్మను మాత్రం ఆ గుమ్మం దాటనివ్వరు. అందుకని యంత్రం. దాని తొట్టిలో నీళ్ళు పోసేది, దాని గుడ్డ ఉతికి బిగించేది పైడమ్మే. ఆమె పోసిన నీళ్ళు రోజూ దేవుడి ముందుకు వెళ్తున్నాయి, ఆమె మాత్రం బయటే. అంత చదువుకున్న ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తట్టలేదంటే నేను నమ్మను.

శుక్రవారం గురువుగారు హాల్లో కూర్చుని చూస్తుండగా, యంత్రం దేవుడి గదిలో నూనెగిన్నెను బోర్లా పడేసింది. అంతటితో ఆగక ఆ నూనెను శ్రద్ధగా గదంతా పులిమింది. దాన్ని పట్టుకోబోయిన వామనమూర్తి కాలు జారి, పట్టుపంచెతో సహా చతికిలబడ్డాడు. లేవబోయి మళ్ళీ జారాడు. దెబ్బేమీ తగల్లేదు గాని, గురువుగారి ఎదుట పరువు పోయింది.

"పైడమ్మా! లోపలికి రా, అబ్బాయిని లేవదియ్యి!" అని అలివేలమ్మ గారు కేకపెట్టారు.

పైడమ్మ వచ్చి గుమ్మం ఇవతలే నిలబడింది. కొంగు బిగించింది గాని కాలు కదపలేదు.

"ఇయాల ఒస్తే రేపూ ఒస్తానమ్మా. రోజూ ఒచ్చి నానే తుడుస్తాను. రేపు ఒద్దంటే ఇప్పుడూ రాను. ఏటంటారో సెప్పండి."

"ఇప్పుడా నీ పేచీ?"

"ఇప్పుడు కాపోతే నా మాట మీరెప్పుడిన్నారు?"

"అమ్మా, ఒప్పుకోవే!" అని లోపలినుంచి వామనమూర్తి అరిచాడు. అలివేలమ్మ గారు గురువుగారి వంక చూశారు. ఆయన నూనెలో తిరుగుతున్న యంత్రాన్నే చూస్తున్నారు. "సరే, రా," అన్నారు ఆవిడ చివరికి.

పైడమ్మ లోపలికి నడిచింది. యంత్రాన్ని ఎత్తి పక్కన పెట్టింది. వామనమూర్తిని రెక్క పట్టుకుని లేపింది. శనగపిండి చల్లి నూనె తీసి, గదంతా తుడిచింది. నేల ఎప్పటికన్నా బాగుంది.

అప్పుడు అలివేలమ్మ గారు గొంతు తగ్గించి, "మాటైతే ఇచ్చాను గాని, గది మైలపడింది కదండీ. శుద్ధి చేయించాలా?" అని అడిగారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పైడమ్మ ఆ మాట విన్నది. గది మధ్యనుంచి కదలకుండా గురువుగారినే సూటిగా చూసింది.

అవధాని గారు లేచి నిలబడ్డారు.

"చేయించవలసిందేనమ్మా. నీళ్ళు మాత్రం పైడమ్మ చేత చల్లించండి."