మోకాలు బాగున్నవారికే వైద్యం

కమలగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్నేలే రణగంభీరుడికి రెండు బాధలు. ఒకటి మోకాళ్ళ నొప్పి. రెండోది, పక్క రాజ్యాలవాళ్ళు తన విద్యాపీఠాన్ని ఇంకా పొగడడం లేదన్న దిగులు.

రెండో బాధకు విద్యాపీఠం పెద్ద ఉద్దండ సోమయాజి మందు కనిపెట్టాడు. "రండి, అక్షరం రానివాళ్ళూ రండి!" అని ఊరూరా దండోరా వేయించాడు. జనం చద్ది మూటలు కట్టుకుని వచ్చారు. వాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి శ్లోకాలు అప్పజెప్పమన్నాడు. రానివాళ్ళను వచ్చిన దారినే పంపేశాడు.

ఆనక కొలువుకొచ్చి శాలువా సర్దుకున్నాడు. "ప్రభూ! నూటికి తొంభైతొమ్మిది మందిని వెనక్కి పంపాం. ఇంతకన్నా గొప్ప చదువు భూమ్మీద ఉంటుందా?"

రాజు పొంగిపోయాడు. "మరి పేటలో ఎర్రమ్మ బడి సంగతి?"

"అదా! వచ్చినవాళ్ళనల్లా చేర్చుకుంటుంది. అదీ ఒక చదువేనా? మూయించి, ఆ బడి నడిచే చావడి మాకిప్పించండి."

"సరే, పౌర్ణమికి మూసెయ్యండి."

కొలువులో రాజును నవ్వించే ఉద్యోగం ముత్తసానిది. ఆ పూట ఆమెకే నవ్వు రాలేదు. ఆమె అక్షరాలు దిద్దుకున్నది ఆ చావడిలోనే. అయినా ఎదురు చెప్పలేదు. "ఎంత గొప్ప లెక్క ప్రభూ!" అని చప్పట్లు కొట్టి ఇంటికి పోయింది.

పౌర్ణమి రాకముందే ఊళ్ళో మరో దండోరా మోగింది. "మోకాళ్ళ నొప్పులకు కొత్త వైద్యశాల! నూటికి ఒక్కరికే ప్రవేశం!" ఇంకేముంది, కుంటుకుంటూ ఊరంతా కదిలింది. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తిరిగొచ్చారు. అంతమందిని కాదన్నారంటే అది ఎంత గొప్ప వైద్యమో అనుకున్నాడు రాజు. సోమయాజిని వెంటబెట్టుకుని పల్లకీలో బయల్దేరాడు.

గుమ్మంలో ముత్తసాని కూర్చుని ఉంది.

"నువ్వా! సరే, తలుపు తియ్యి."

"ముందు పరీక్ష ప్రభూ. ఈ మెట్లు పరుగున ఎక్కి దిగండి."

"నొప్పని వస్తే పరుగెత్తమంటావేమిటే?"

"పరుగెత్తలేనివారిని చేర్చుకోం మహారాజా. మా పేరు చెడుతుంది."

రాజు మండిపడి కర్ర ఊతంతో తనే తలుపు తోశాడు. లోపల కండలు తిరిగిన వస్తాదులు బెల్లమూ శనగలూ నములుతూ కూర్చున్నారు.

"వీళ్ళకేం నొప్పి?"

"ఏ నొప్పీ లేదు ప్రభూ. రేపు బయటికి వెళ్ళేటప్పుడూ ఉండదు. ఇక్కడ చేరినవాడెవడూ కుంటుతూ పోలేదన్న పేరు మాది."

"సిగ్గులేదూ! ఇదీ ఒక వైద్యమేనా?"

"పద్ధతి నాది కాదు ప్రభూ, సోమయాజిగారిది. ఆయన శ్లోకాలొచ్చినవాళ్ళను చేర్చుకుని శ్లోకాలు నేర్పుతారు. నేను నడవగలిగినవాళ్ళను చేర్చుకుని నడిపిస్తాను."

సోమయాజి కస్సుమన్నాడు. "గొప్పతనం లేనిదే అంత జనం మా గుమ్మంలోకి వస్తారా?"

"దండోరా వేస్తే వస్తారు స్వామీ. నాకూ వచ్చారు. లోపల చూస్తే వైద్యుడే లేడు."

"వైద్యుడు లేడా?" రాజు నోరు తెరిచాడు.

"ఇంతమందిని వెనక్కి పంపాక వైద్యుడెందుకు ప్రభూ? పేరొచ్చేసిందిగా! సాక్షాత్తూ ఏలినవారే పల్లకీ ఎక్కి వచ్చారు."

రాజు కాసేపు ఉరిమి చూశాడు. ఆ తర్వాత నవ్వాడు. నవ్వీ నవ్వీ మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"మరి మంచి చదువేదో తెలిసేదెలాగే?"

"లోపలికి పోయినప్పుడు ఏమొచ్చు, బయటికొచ్చినప్పుడు ఏమొచ్చు, ఆ తేడా చూడండి ప్రభూ. గుమ్మంలో తోపులాట చూసి లాభం లేదు."

రాజు మెడలోని ముత్యాల హారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఎర్రమ్మ చావడి జోలికి ఎవరూ పోవద్దు. సోమయాజీ! నువ్వు వెనక్కి పంపినవాళ్ళలో కొందరిని పిలిపించి ఏడాదిపాటు చదువు చెప్పు. ఏడాదయ్యాక పరీక్ష పెడతాను. వాళ్ళకు కాదు, నీకు."

సోమయాజి శాలువాతో మొహం తుడుచుకున్నాడు. "ప్రభూ! ఏమీ రానివాళ్ళకు ఎలా చెప్పాలో నాకు తెలీదే!"

"దిగులుపడకండి స్వామీ," అంది ముత్తసాని. "ఎర్రమ్మ బడికి వెళ్ళి నేర్చుకోండి. ఆవిడ ఎవరినైనా చేర్చుకుంటుంది."