అసూయపరుల పీక పట్టే దయ్యం

పూర్వం గండవరం కోటలో పేరిందేవి అనే పేదరాలు పాడుబడ్డ రాణివాసాన్ని బాగుచేసుకుని పూటకూళ్ళ ఇల్లు నడిపేది. ఆమె చేసే గోంగూర పులుసు కోసం బాటసారులంతా అక్కడికే వెళ్ళేవారు. కోటదారు రాయపరాజు చెక్కుడు స్తంభాలతో కొత్త సత్రం కట్టించినా అందులో ఈగ కూడా వాలలేదు. అతనికి కడుపు మండిపోయింది. "ఆ రాణివాసంలో వెనకటి రాణి దయ్యమై తిరుగుతోంది. అన్నం తినేవాళ్ళ పీక నొక్కేస్తుంది" అని పుకారు పుట్టించాడు. మర్నాటికల్లా పేరిందేవి పొయ్యి చల్లారిపోయింది.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. సంతకెళ్ళి అందరూ వినేలా, "నిజమే, రాణిగారు ఉన్నారు. పాపం, సవతి ఓర్వలేక విషం పెడితే పోయారు. అందుకే అసూయపరుల పీకే పట్టుకుంటారు. మిగతావాళ్ళ జోలికి రారు" అంది.

వెళ్ళకపోతే తమకు అసూయ ఉందనుకుంటారని ఊరంతా వచ్చి విస్తళ్ళ ముందు కూర్చుంది. రాయపరాజు ఒక్కడే రాలేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు. చివరికి భార్య కూడా అనుమానంగా చూసేసరికి, గతిలేక అతనూ వచ్చి కూర్చున్నాడు. అందరి కళ్ళూ తనమీదే ఉండడంతో కంగారుపడ్డాడు, మొదటి ముద్దకే పొలమారింది. పక్కవాళ్ళు విస్తళ్ళు వదిలి లేచి దూరంగా జరిగారు.

"నా పీక ఎవరూ పట్టుకోలేదు! ఇక్కడ దయ్యమే లేదు! ఆ కథ నేనే అల్లాను!" అని అరిచాడు రాయపరాజు.

పేరిందేవి మంచినీళ్ళ చెంబు అందించి, "తెలుసు దొరా. రాణిగారిని పుట్టించింది మీరు, సవతిని తెచ్చింది నేను. నెమ్మదిగా తినండి, ఇంకాస్త పులుసు పోస్తాను" అంది.