పేరయ్య కాలూ, పరదేశపు వైద్యమూ

తెలివిలో తమని మించినవాళ్ళు లేరని పేరయ్య ఇంటివాళ్ళ నమ్మకం. పేరయ్య, పెళ్ళాం చిలకమ్మ, తమ్ముడు బుల్లెయ్య, ముగ్గురే ఆ ఇంట్లో. ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేస్తాం, అదే మా గొప్ప అని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. జనం నవ్వు ఆపుకుని తలూపితే, పాపం, దాన్నీ మెప్పే అనుకున్నారు.

అలాంటివాళ్ళు సముద్రం దాటి ఓ చలిదేశం చేరారు. అక్కడ పేరయ్య ఓ హోటల్లో వంటవాడు. వచ్చీ రాగానే పక్కింటి రత్నమాంబగారు వచ్చి మంచి మాటలు చెప్పింది. ఇక్కడ వైద్యానికి పైసా ఇవ్వక్కర్లేదు, అంతా సర్కారే చూసుకుంటుంది. కాకపోతే దేనికైనా ముందు వీధి డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, ప్రాణం మీదికొస్తే తప్ప అంబులెన్సుని పిలవకూడదు. ఆమాత్రం మాకు తెలీదా అని ఆవిడ వెళ్ళాక చిలకమ్మ మూతి తిప్పింది.

వారం తిరక్కుండానే పేరయ్య మంచు మీద జారిపడ్డాడు. చీలమండ బూరెలా పొంగింది. పొయ్యి దగ్గర నిలబడలేకపోతే కొలువు పోతుంది, కొలువు పోతే ముగ్గురికీ తిండి లేదు. చిలకమ్మ ఏడుపు లంకించుకుంది. బుల్లెయ్య వీధి డాక్టరుకి ఫోన్ చేస్తే, అక్కడ తెలుగొచ్చిన మనిషిని పిలిచి మాట్లాడించారు. కాలు కదపకుండా ఉంచి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి రమ్మన్నాడు ఆ మనిషి.

ఇంకేముంది, ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. కాలు కదపకుండా మనిషి వెళ్ళడం ఎలా? చివరికి బుల్లెయ్యే దారి కనిపెట్టాడు.

"మనూళ్ళో నీ బదులు నేను నిలబడితే రేషన్ బియ్యం ఇవ్వలేదేటన్నయ్యా? ఇక్కడా అంతే."

అంతే, తెల్లారగానే బుల్లెయ్య వెళ్ళి, ఆ తెలుగొచ్చిన మనిషి చేత పేరయ్యనని చెప్పించి కాలు చాపాడు. డాక్టరు నొక్కి చూశాడు, తిప్పి చూశాడు, గెంతించి కూడా చూశాడు. కాలు భేషుగ్గా ఉంది, హాయిగా నడవమన్నాడు. బుల్లెయ్య ఆ శుభవార్త చెప్పడానికి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. డాక్టరే నడవమన్నాక భయమెందుకని పేరయ్య లేచి ధైర్యంగా అడుగేశాడు. అంతే, కెవ్వుమని కూలబడ్డాడు. వాపు మోకాలిదాకా పాకింది.

ఇక అంబులెన్సే గతి అనుకున్నారు. ఫోన్ చేస్తే అక్కడా తెలుగొచ్చిన ఆవిడ దొరికింది. ఊపిరాడుతోందా అని అడిగింది. ఆడుతోందన్నారు. స్పృహ ఉందా అంటే ఉందన్నారు. రక్తం కారుతోందా అంటే లేదన్నారు. అయితే వీధి డాక్టరుకే చూపించండి, వీటిలో ఏది మారినా మళ్ళీ ఫోన్ చెయ్యండి అని పెట్టేసింది.

మార్చడమే కదా, అదెంత పని అనుకున్నారు. ఊపిరితో మొదలుపెట్టారు. బుల్లెయ్య అన్న ముక్కు మూశాడు, చిలకమ్మ మొగుడి నోరు మూసింది. పేరయ్య ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని, ఇక ఆగలేక పెళ్ళాం వేలు కసుక్కున కొరికాడు. రక్తం కారింది. బుల్లెయ్య సంబరంగా ఫోన్ చేశాడు.

బండి వచ్చింది. రక్తం ఎవరికని సైగలతో అడిగారు. చిలకమ్మ వేలు చూపించింది. ఇంకేముంది, ఆవిణ్ణే ఎక్కించుకుపోయారు. దుప్పటి కప్పుకున్న పేరయ్య, అడిగింది తన సంగతి కాదు కదా అని నోరు మెదపలేదు.

పెళ్ళాన్ని చూడ్డానికి తమ్ముడి భుజం పట్టుకుని కుంటుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాడు. వేలికి కట్టు కడుతున్న డాక్టరు ఆ కాలు చూసి తల పట్టుకున్నాడు. అప్పటికప్పుడు ఎక్స్‌రే తీయించి, ఎముక సరిచేసి, పిండికట్టు వేశాడు. కాలికేం ఫర్వాలేదు, మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడొచ్చన్నాడు. ఆ మాటకి చిలకమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఒక్కటే జాగ్రత్త, వాపు తగ్గేదాకా కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలని తెలుగొచ్చిన మనిషి చేత చెప్పించి పంపాడు.

మర్నాడు కట్టు చూడ్డానికి నర్సమ్మ ఇంటికొచ్చింది. మెట్ల కమ్మీకి పాత చీరతో కాళ్ళు కట్టేసి ఉన్నాయి. పేరయ్య తలకిందులుగా వేలాడుతున్నాడు. చిలకమ్మ కింద కూర్చుని ఉప్మా తినిపిస్తోంది, సగం ముక్కులోకి పోతోంది.

"కాలు బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు పేరయ్య. "తలకాయే కొంచెం బరువుగా ఉంది."

నర్సమ్మ వెంటనే కిందికి దించండని చేతులూపుతూ అరిచింది. ఆ చేతులు చూస్తే భాష రాని బుల్లెయ్యకీ సంగతి అర్థమైంది. క్షణం ఆలస్యం చెయ్యకుండా వంటింట్లోంచి కత్తి తెచ్చి చీర కోసేశాడు.

పేరయ్య నెత్తి నేలకి తగిలి బొప్పి కట్టింది. కాలికి మాత్రం చిన్న దెబ్బయినా తగల్లేదని ముగ్గురూ తెగ మురిసిపోయారు.