నల్లటి తెర మీద మందు

ఫణీంద్రకి ఆ ఏజెంట్ మీద ఒళ్లు మండిపోతోంది.

ఏజెంట్ అంటే మనిషి కాదు. మనం మామూలు మాటల్లో చెప్పిన పనిని తనే ఆదేశాలుగా మార్చుకుని కంప్యూటర్‌లో చేసిపెట్టే ఏఐ. ప్రొటీన్ల బొమ్మలు గీసే ఒక ప్రోగ్రాంని దాని చేత నడిపించాలని విశాఖపట్నంలోని ఆ ల్యాబ్‌లో రెండేళ్లుగా తంటాలు పడుతున్నారు. ఏ ఆదేశం ఏం చేస్తుందో ఏజెంట్ చదువుకునేలా సూచనలు రాయడం, ఆదేశం అందాక ప్రోగ్రాం దానికి ఏం జవాబివ్వాలో కుదర్చడం ఫణీంద్ర పని. సోమవారం కమిటీ వాళ్ల ముందు, ప్రొటీన్ మీదుండే గుంటలో మందు అణువు ఎక్కడ కూర్చుందో అది తనంతట తానే బొమ్మ గీసి చూపించాలి. చూపించకపోతే అతని థీసిస్‌లోంచి ఆ అధ్యాయం ఎగిరిపోతుంది.

మొదట్లో అది ప్రొటీన్ వీపు చూపించేది. మందు అవతలి వైపు ఉండేది. ఈ నెలలో మరీ అన్యాయం. ఉత్త నల్లటి తెర పంపించి, పని పూర్తయిందని ఎంతో వినయంగా చెబుతోంది. అది తప్పు చేసినప్పుడల్లా ఫణీంద్ర సూచనల్లో ఒక వాక్యం చేరుస్తూ వచ్చాడు. మందు కనిపించేదాకా జాగ్రత్తగా తిప్పాలి. తప్పనిసరిగా సరిచూసుకోవాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీ బొమ్మ పంపకూడదు. చివరికి ఆ సూచనలు హాస్టల్ వార్డెన్ అంటించిన నోటీసులా తయారయ్యాయి.

శుక్రవారం మధ్యాహ్నం అతను గైడ్ కృపాబాయి మేడం గదికి వెళ్లి, ఇక తన వల్ల కాదన్నాడు. దానికి చదివింది బుర్రకెక్కదని, ఎన్నిసార్లు చెప్పినా గోడతో మాట్లాడినట్టే ఉందని వాపోయాడు. మేడం రిటైర్మెంట్‌కి దగ్గరపడిన మనిషి. ఇలాంటి ఏడుపులు చాలా విన్నారు. అతను చెప్పడం అయ్యేదాకా ఆగి, సూచనలు ప్రింట్ తీసుకురమ్మన్నారు.

తెచ్చాక, టేబుల్ మీది మానిటర్‌ని పూర్తిగా తన వైపు తిప్పుకున్నారు. ఫణీంద్రకి దాని వెనకనున్న వైర్లు, దుమ్ము మాత్రమే కనిపిస్తున్నాయి. కీబోర్డు అతని ముందుకు జరిపారు.

"ఇవాళ ఏజెంట్‌వి నువ్వే. ఆ కాగితాల్లో ఏముందో అదే కొట్టు. ప్రోగ్రాం ఏమంటే అది చదివి చెబుతాను."

ఫణీంద్రకి చిర్రెత్తింది. సోమవారం ముంచుకొస్తుంటే ఈ ఆటలేంటి? కానీ గైడ్‌తో వాదించి బాగుపడ్డ విద్యార్థి ఎవడున్నాడు? కాగితంలో ఉన్నట్టే ప్రొటీన్ ఫైలు తెరిచే ఆదేశం కొట్టాడు.

"సరే," అన్నారు మేడం.

ప్రొటీన్‌ని పక్కకి తిప్పాడు. మళ్లీ సరే. పైకి తిప్పాడు, దగ్గరికి లాగాడు, మందుకి ఎర్ర రంగు వేశాడు. అన్నిటికీ అదే జవాబు. ఆదేశం అందగానే సరే అనమని ప్రోగ్రాంకి నేర్పింది ఫణీంద్రే కనుక మేడంని అనడానికి లేదు.

"మందు కనిపిస్తోందాండీ?"

మేడం కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. అలాంటి ప్రశ్నకి జవాబు చెప్పే ఆదేశం కాగితాల్లో ఎక్కడా లేదు.

తర్వాతి వాక్యం చూశాడు. మందు కనిపించేదాకా జాగ్రత్తగా తిప్పాలి. తిప్పాడు. చాలదేమోనని ఇంకాస్త తిప్పి, ఎక్కువైందేమోనని వెనక్కి తిప్పాడు. సరే, సరే, సరే. ఫ్యాన్ తిరుగుతున్నా చొక్కా తడిసిపోయింది. లేచి తొంగిచూడబోతే మేడం మానిటర్‌కి కాగితం అడ్డం పెట్టేశారు. అంత పెద్దావిడ ఇలా చేస్తారా అని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి కీబోర్డు నెట్టేశాడు. "పని అయిపోయిందండీ," అన్నాడు.

మేడం మానిటర్‌ని అతని వైపు తిప్పారు.

తెరంతా నల్లగా ఉంది. ప్రొటీన్ లేదు, మందు లేదు. పోయిన నెల ల్యాబ్ సర్వర్‌లో ఆ ఫైలుని వేరే ఫోల్డర్‌లోకి మార్చింది ఫణీంద్రే. తను ఎప్పుడూ మౌస్‌తో నొక్కి తెరుస్తాడు కనుక, కాగితంలో పాత చోటే ఉండిపోయింది. ఇంతసేపూ అతను తిప్పింది ఏమీ లేని చోటుని.

"మీకు మొదటి నుంచీ తెలుసు కదండీ," అన్నాడు. "ఫైలు దొరకలేదని ఒక్క మాట చెబితే నేనిలా తిప్పుతూ కూర్చునేవాణ్ణా?"

అన్నాక ఆ మాట అతనికే వినిపించింది.

మేడం కాగితాలు అతని చేతికిచ్చి తన పనిలో పడ్డారు.

ఫణీంద్ర తన సీటుకి వెళ్లి సూచనలు తెరిచాడు. జాగ్రత్తలూ తప్పనిసరులూ అన్నీ తీసేశాడు. ఫైలు తెరిచే ఆదేశం కింద ఒక వాక్యం రాశాడు. ఫైలు లేకపోతే, లేదని చెబుతుంది.

రాసి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది ఇంకా నిజం కాదు. నిజం చెయ్యడానికి ప్రోగ్రాం తెరిచాడు.