భ్రమరాంబగారి ఎడమ చెయ్యి

కోటిలింగం మేస్టారిని ఏదైనా అడిగితే ముందు టీ వస్తుంది. జవాబు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. పిఠాపురంలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరూ ఈ సంగతి నవ్వుతూ చెబుతారు, కాస్త ఉడుక్కుంటూ కూడా చెబుతారు. వాదన ఆయనకి సరిపడదు. ఎవరైనా గట్టిగా నిలదీస్తే కండువాతో మొహం తుడుచుకుని "చూద్దాంలే" అంటారు. ఆ మాట తప్పించుకోవడానికి అన్నది కాదనీ, నిజంగానే ఏదో చూపించబోతున్నారనీ గ్రహించడానికి శిష్యులకి చాలాకాలం పట్టేది.

ఆయన చేసే పని సంగీత విద్వాంసుల చేతులకి అచ్చు తీయడం. మొహాల జోలికి పోరు. మొహం సంగతి ఫొటోగ్రాఫరు చూసుకుంటాడంటారు. పళ్ల డాక్టర్లు దవడ అచ్చు తీయడానికి వాడే పొడి ఒకటుంది. దాన్ని బకెట్లో జావలా కలిపి, అందులో చెయ్యి ముంచి కదలకుండా ఉంచితే కాసేపటికి జున్నులా గడ్డకడుతుంది. అప్పుడు చెయ్యి మెల్లగా బయటికి లాగి, ఆ ఖాళీలో ప్లాస్టరు పోస్తారు. ప్లాస్టరు బిగిశాక పైనున్న జున్నుని చీల్చి పారేయాలి. అంటే ఒక అచ్చుకి ఒకే చెయ్యి వస్తుంది. రెండోది కావాలంటే మళ్లీ ఆ మనిషి రావలసిందే. ఎంత పెద్ద విద్వాంసుడైనా సరే, చెయ్యి ముంచే ముందు కాసేపు వాయించి తీరాలని మేస్టారి పట్టు. వాయించి వచ్చిన చెయ్యి వేరు, ఊరికే వచ్చిన చెయ్యి వేరు అంటారు. వరండా పక్క గదిలో అలమారా నిండా అలాంటి తెల్లటి చేతులున్నాయి. మృదంగం మీద వాలబోతున్న అరచెయ్యి, సన్నాయి రంధ్రాల మీద ఆనినట్టు వంగిన వేళ్లు, ఫిడేలు కమాను పట్టుకున్న పిడికిలి. మొదటిసారి చూసినవాళ్లకి కొంచెం భయం వేస్తుంది. రెండోసారి వెయ్యదు.

ఆయన దగ్గరికి హైమ అనే అమ్మాయి పని నేర్చుకోవడానికి వచ్చింది. విశాఖపట్నంలో శిల్పం చదువుకుంది. చురుకైనది, పని మీద ప్రేమ ఉన్నది, తొందర కూడా ఉన్నది. ఏడాది తిరిగేసరికి పొడి కలపడంలోనూ ప్లాస్టరు పొయ్యడంలోనూ ఆమెకి వంక పెట్టడానికి లేకుండా పోయింది. కానీ మనసులో ఒకటి తొలుస్తూనే ఉంది. ఒకరోజు అడిగేసింది.

"మేస్టారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. చెయ్యి వాళ్లది. ఆకారం వాళ్లది. అచ్చు దానంతటదే వస్తుంది. మనం పొడి కలిపి ప్లాస్టరు పోస్తున్నాం, అంతే కదండీ. మరి ఇందులో నా చెయ్యి ఎక్కడుందండి?"

మానెయ్యడమా ఉండడమా అన్నంత దూరం వచ్చాక అడిగిన ప్రశ్న అది. రాయి చెక్కే చోట పని ఇప్పిస్తామని విశాఖపట్నం నుంచి స్నేహితులు పిలుస్తున్నారు. ఆ సంగతి మేస్టారికీ తెలుసు. ఆయన టీ తెప్పించారు. "చూద్దాంలే అమ్మా" అన్నారు. హైమకి ఒళ్లు మండిపోయింది.

ఆ రోజుల్లో ఆ గదిలో ఒక ఎడమ చెయ్యి ఆరుతూ ఉంది. అది వీణ విద్వాంసురాలు భ్రమరాంబగారిది. వేళ్ల కీళ్లు వాచిపోయి ఇక వీణ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేస్తే, ఆవిడ చివరి కచేరీ చేసి, ఆ మర్నాడే వచ్చి మేస్టారి చేత అచ్చు తీయించుకున్నారు. ఆ పూట హైమ ప్లాస్టరు బస్తాల కోసం కాకినాడ వెళ్లింది కాబట్టి ఆవిడ చేతిని దగ్గరగా చూడనేలేదు. తర్వాత ముసురు పట్టుకుని ప్లాస్టరు నెల దాటినా ఆరలేదు. అది ఆరేసరికి మేస్టారికి ద్రాక్షారామంలో ఒక సన్నాయి విద్వాంసుడి చెయ్యి తీసే పని పడింది. బయలుదేరుతూ, "భ్రమరాంబగారి చేతి మీద బుడిపెలుంటే తీసెయ్. అంతే" అని చెప్పి వెళ్లారు. జావలో గాలి బుడగలు మిగిలితే ప్లాస్టరు మీద ఆవగింజంత బుడిపెలు వస్తాయి. వాటిని గోకేయడం మామూలే.

హైమ బుడిపెలు తీసింది. తీశాక చూస్తే చూపుడు వేలి కొస మీద అడ్డంగా ఒక గాటు, నడిమి వేలి కొస మీద ఇంకొకటి కనిపించాయి. అచ్చులో వేళ్ల కొసలు అట్టడుగున ఉంటాయి, ప్లాస్టరు పోసేటప్పుడు గాలి చిక్కుకుపోయేదీ అక్కడే. ఈ పని తెలియనివాళ్లయితే వాటిని పట్టించుకునేవారే కారు. పని తెలిసింది గనక హైమ అవి లోపాలని తేల్చేసింది. మేస్టారికి వయసొచ్చింది, గాలి వదిలేశారనుకుంది. కొంచెం జాలి వేసింది, కొంచెం సంతోషమూ వేసింది. చూపుడు వేలి గాటు లోతుగా ఉండడంతో దాన్ని కొత్త ప్లాస్టరుతో పూడ్చింది. నడిమి వేలిది అంత లోతు లేదు. గరుకు కాగితంతో ఆ కొస మొత్తం సమంగా వచ్చేదాకా రుద్దేసింది. పని పూర్తయ్యాక చూసుకుంటే ఆ వేళ్లు ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఇందులో నా చెయ్యి ఉంది అని ఆమెకి మొదటిసారి అనిపించింది. పాపం, ఆ సంతోషం నిజమైనదే. దాన్ని చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు.

మర్నాడు మేస్టారు వచ్చారు. ప్లాస్టరు చెయ్యి అందుకుని బొటనవేలితో ఆ రెండు కొసలూ తడిమారు. హైమ మెచ్చుకోలు కోసం చూస్తూ నిలబడింది. ఆయన మెచ్చుకోలేదు, కోప్పడనూ లేదు. చేతిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "భ్రమరాంబగారింటికి వెళ్లి, ఆవిడ ఎడమ చెయ్యి ఒకసారి చూసి రా" అన్నారు.

భ్రమరాంబగారు హైమని కూర్చోబెట్టి లోపల్నుంచి కాఫీ తెచ్చారు. స్టీలు గ్లాసుని కొంగు మడతలో పట్టుకుని తెచ్చారు.

"చూశావటే అమ్మాయ్, నా వైభోగం! ఇదివరకైతే పొగలు కక్కే గ్లాసుని ఈ రెండు వేళ్లతో పట్టుకుని చక్కా వచ్చేసేదాన్ని. చిన్నప్పట్నుంచీ తీగ నొక్కీ నొక్కీ వేళ్లు కాయలు కాసి గాట్లు పడిపోయాయి. వేడన్నది తెలిస్తేగా! వాయించడం మానేశానో లేదో, పొట్టు రాలినట్టు రాలిపోయాయి. ఇప్పుడివి పసిపిల్ల వేళ్లు" అంటూ ఎడమ చెయ్యి చాపారు.

హైమ ఆ చేతిని పట్టుకుని చూసింది. వేళ్ల కొసలు మెత్తగా, నున్నగా ఉన్నాయి. అచ్చం తాను నిన్న తయారుచేసిన వేళ్లలాగే ఉన్నాయి.

"మొదట్లో ఏడుపొచ్చేది, నీ దగ్గర దాచడమెందుకు" అన్నారు భ్రమరాంబగారు. "తంబురా మోగుతుంటే ఈ బొటనవేలు ఊరుకోదు, ఆ గాట్లని వెతుక్కుంటుంది. ఇప్పుడు బెంగ లేదులే. అవి మీ మేస్టారి దగ్గర భద్రంగా ఉన్నాయిగా. ఆరాక కబురు చెయ్యండి, నేనే వచ్చి తెచ్చుకుంటాను."

ఆ కాఫీ ఎలా తాగిందో, ఏ దారిన తిరిగొచ్చిందో హైమకి గుర్తు లేదు. మేస్టారి ముందు నిలబడి ఏడుస్తూ అంతా చెప్పింది.

"మళ్లీ అచ్చు తీద్దామన్నా ఆ వేళ్లిప్పుడు లేవండి మేస్టారూ. ఉన్నవాటిని నేనే పోగొట్టేశాను."

ఆయన ఆమెని ఏడవనిచ్చారు. ఆ తర్వాత అడిగింది ఒక్కటే. "పూడ్చింది ఏది? రుద్దింది ఏది?"

"చూపుడు వేలిది పూడ్చానండి. నడిమి వేలిది రుద్దేశాను."

మేస్టారు అలమారాలోంచి ఒక సూది తీసి ఆమె చేతికిచ్చారు. "ఆరిపోయిన ప్లాస్టరు నీళ్లన్నీ పీల్చేస్తుంది. దాని మీద వేసిన కొత్తది గట్టిగా పట్టదు. నువ్వు పెట్టిందంతా తీసెయ్. పాతది తగిలిన చోట ఆగిపో" అని చెప్పి వరండాలోకి వెళ్లి పేపరు పట్టుకుని కూర్చున్నారు.

హైమ కూర్చుంది. కొత్త ప్లాస్టరు సూది మొనకి పొడిపొడిగా రాలుతోంది. పాతది తగిలితే సన్నగా కిర్రుమంటోంది. ఆ తేడా మొదట్లో ఆమె చేతికి అందలేదు. రెండుసార్లు భయపడి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. రాయి చెక్కేటప్పుడు ఎంత తియ్యాలో, ఎక్కడ ఆగాలో ఆమే నిర్ణయించుకునేది. ఇక్కడ ఆ నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది, వీణ తీగ చేసేసింది. దాన్ని వెతుక్కుంటూ వెళ్లడమే ఆమె పని. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే లేవలేదు. పొద్దు వాలేసరికి గాటు పూర్తిగా బయటపడింది. దాని అడుగు నొక్కుకుపోయి నునుపుగా ఉంది. అంచుల దగ్గర వేలిముద్ర గీతలు లోపలికి ఒంగి ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు ఆ గీతలు ఆమె కంట పడనేలేదు.

సూది పట్టుకుని నడిమి వేలి వైపు చూసింది. పక్కనే నమూనా ఉంది. అలాంటిదే ఇంకొకటి చెక్కడం ఆమెకి ఎంతసేపు? మేస్టారు కూడా కనిపెట్టలేనంత బాగా చెక్కగలదు. భ్రమరాంబగారు ఏ బాధా లేకుండా ఇంటికి తీసుకెళతారు. సూది మొన వేలి కొసకి ఆనించింది కూడా. ఎందుకో ఆగి, వరండాలోకి వచ్చింది.

"మేస్టారూ, రెండోది చెక్కెయ్యనాండి?"

"అది ఎలా ఉండేదో చూశావుగా?"

హైమ గుమ్మం పట్టుకుని వెనక్కి తిరిగి బల్ల మీది చేతికేసి చూసింది. "చూశాను గానండి, లోపమనుకుని చూశాను" అంది.

మేస్టారు పేపరు పేజీ తిప్పుకున్నారు. ఆమె లోపలికి వెళ్లి సూదిని డబ్బాలో పెట్టేసింది.

కబురందుకుని భ్రమరాంబగారు వచ్చారు. ప్లాస్టరు చేతిని ఒళ్లో పెట్టుకున్నారు గాని, దానికేసి చూడలేదు. కళ్లు మూసుకుని బొటనవేలితో దాని చూపుడు వేలి కొసని తడిమారు. బొటనవేలు గాటు దగ్గర ఆగింది. "ఉంది" అన్నారు ఆవిడ. మూసుకున్న కళ్లలోంచి నీళ్లు కారాయి. తర్వాత ఆ బొటనవేలు నడిమి వేలి మీదికి జరిగింది. అక్కడ వెతికింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లి వెతికింది.

హైమ ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. "అది నేను అరగదీసేశానండి మామ్మగారూ. ప్లాస్టరు లోపమనుకున్నాను. మళ్లీ చెక్కచ్చు గాని, అది మీది కాదు కదండీ. అందుకని వదిలేశాను."

భ్రమరాంబగారు నొచ్చుకున్నారు. నొచ్చుకోరా మరి! చాలాసేపు ఆ నున్నటి కొస మీదే వేలు ఉంచి కూర్చున్నారు. చివరికి కళ్లు తుడుచుకుని, "చెక్కకుండా మంచి పని చేశావమ్మాయ్. చెక్కి ఉంటే, తెలిసిననాడు ఈ మొదటిదాన్ని కూడా నమ్మలేకపోయేదాన్ని" అన్నారు.

మేస్టారు టీ తెప్పించారు. ఆవిడ వరండాలో కూర్చుని తాగుతుంటే, లోపల హైమ ఆ చేతిని దూది పరిచిన పెట్టెలో సర్దుతోంది. మేస్టారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆమె తలెత్తకుండానే అంది.

"ఇందులో నా చెయ్యి ఎక్కడుందని ఆవేళ అడిగాను కదండీ మేస్టారూ. ఇప్పుడు తెలిసిందండి. ఇదిగో, ఈ నడిమి వేలి మీద ఉంది."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

"అది గరుకు కాగితం చేసిన పని అమ్మా. నీ చెయ్యి ఆ పక్క వేలి మీద ఉంది" అన్నారు.