తూనీగ సంఘం కొరడా

తావ్ యన్ మొహం కడుక్కోకుండానే గురువు దగ్గరికి బయల్దేరాడు. మొహమంతా తెల్లటి బియ్యప్పిండి. నిన్న సాయంత్రం తడిపి పూసింది కాస్తా ఎండిపోయి, బుగ్గల మీద పెచ్చులు లేస్తోంది. దారి పొడుగునా జనం ఆగి ఆగి చూశారు. చూడనీ అనుకున్నాడు. నలుగురూ చూడాలనే కదా పూసింది.

ఆ పిండేమిటో, ఎందుకు పూశారో చెప్పకపోతే మీకు కథ ఎక్కదు. కాబట్టి ముందు ఆట సంగతి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

చీనా దేశంలో వెనకటికి కాలితో బంతి ఆడే ఆట ఒకటుండేది. చూజు అనేవాళ్ళు. తాతల తాతల కాలంలో అది సిపాయిల ఆట. తోలుసంచిలో వెంట్రుకలూ ఈకలూ కూరి కుట్టిన బరువైన బంతి. భుజాలతో గుద్దుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు పడదోసుకుంటూ ఆడేవాళ్ళు. దెబ్బ తగిలితే అక్కడికక్కడే తిరిగి కొట్టేవాళ్ళు, దాంతో కోపం తీరిపోయేది. సుంగ్ రాజుల నాటికి ఆట నాజూకైపోయింది. బంతిలోకి గాలి వచ్చింది. మైదానం నడుమ రెండు పొడుగాటి స్తంభాలు, వాటి మధ్య వల, ఆ వలలో బాగా ఎత్తున ఒకే ఒక్క కన్నం. ఒక జట్టు ఇటు, ఒక జట్టు అటు. అవతలివాణ్ణి ముట్టుకోవడానికే లేదు.

బంతిని కింద పడనివ్వకుండా ఒకరి కాలి మీంచి ఒకరి కాలికి దాటించుకోవాలి. చివరికి దాన్ని కన్నంలోంచి అవతలికి కొట్టే హక్కు మాత్రం జట్టు నాయకుడొక్కడిదే. అతని పక్కన, వల వైపు నిలబడి, బంతిని సరిగ్గా అతనికి కావలసిన ఎత్తుకి లేపి ఇచ్చేవాడు ఒకడుంటాడు. వాడు అందించేవాడు. గెలిస్తే వెండిగిన్నె, పట్టుతాను నాయకుడికి. ఓడిపోతే మొహాన తెల్లపిండి, వీపున కొరడా, అవీ నాయకుడికే. మిగతావాళ్ళని ఎవరూ పల్లెత్తు మాట అనరు.

అవతలివాడి మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేని ఆటలో ఓడిపోతే ఆ కోపం ఎటు పోతుంది చెప్పండి? పక్కవాడి మీదికే పోతుంది. తావ్ యన్ విషయంలోనూ అదే జరిగింది.

హువాయ్ నది ఒడ్డున ఒక జిల్లా పట్నంలో తూనీగ సంఘం అని బంతి ఆటగాళ్ళ సంఘం ఒకటుండేది. తావ్ యన్ దానికి నాయకుడు. పాతికేళ్ళవాడు. నిన్న వసంతోత్సవంలో, జిల్లా అధికారి ఎదుట, వాళ్ళు పొరుగూరి జట్టుతో ఆడారు. చివరిదాకా రెండు జట్లూ సరిసమానంగా ఉన్నాయి. ఆఖరి బంతి మెంగ్ బో కాలి మీదికి వచ్చింది. మెంగ్ బో అందించేవాడు, యాభైకి దగ్గరపడ్డ మనిషి. అతను లేపిన బంతి మూరెడు ఇవతలే దిగిపోయింది. తావ్ యన్ ముందుకి దూకి ఎలాగో తన్నాడు. అది కన్నం అంచుకి కొట్టుకుని వెనక్కొచ్చి నేల మీద పడింది.

తావ్ యన్‌కి ఏడు దెబ్బలు పడ్డాయి. నాయకుడై నాలుగేళ్ళయింది, ఇదే మొదటి ఓటమి. అంతదాకా ఊరు ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది. దెబ్బలైనా ఓర్చుకున్నాడు గానీ, పిండి పూస్తున్నప్పుడు జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అది మాత్రం అతనికి తల కొట్టేసినట్టయింది. వీపు మంటకి వెల్లకిలా పడుకోలేక, బోర్లా పడుకుని పళ్ళు కొరుకుతూనే తెల్లవార్చాడు. తెల్లారేసరికి ఒక నిశ్చయానికి వచ్చాడు.

సంఘం గోడకి ఆటగాళ్ళ పేర్లు రాసిన వెదురుపలకలు వేలాడుతుంటాయి. కొరడా తిన్న నాయకుడు కోరితే ఒకరి పలక దింపించవచ్చునని సంఘంలో పాత కట్టడి. పలక దిగినవాణ్ణి ఇంకే ఊళ్ళోనూ ఏ సంఘమూ చేర్చుకోదు. మెంగ్ బోకి బంతి తప్ప వేరే పని చేతకాదు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. పలక దిగిందంటే ఆ వయసులో చిప్ప చేతికొచ్చినట్టే. ఆ సంగతి తావ్ యన్‌కి తెలియక కాదు. తెలిసే వచ్చాడు.

సంఘానికి పెద్ద పేయ్ గురువు. డెబ్భై దాటాయి. ఆ పొద్దున ఆయన వసారాలో కూర్చుని బంతి కుట్లు ఒక్కొక్కటే వేలితో తడుముతూ చూసుకుంటున్నాడు. మెట్ల మీద మెంగ్ బో కూర్చుని ఉన్నాడు. గురువుని బతిమాలుకోవడానికి తనకంటే ముందే వచ్చి చేరాడన్నమాట అనుకున్నాడు తావ్ యన్. దాంతో అతనికి ఒళ్ళు ఇంకా మండింది. నిజానికి మెంగ్ బో వచ్చిందగ్గర్నుంచి నోరు విప్పనేలేదు.

తావ్ యన్ వంగి దండం పెట్టి, లోపలున్న అక్కసంతా వెళ్ళగక్కాడు. మెంగ్ బో ఒకప్పుడు తనే నాయకుడు, ఆ చోటు ఇంకొకడికి పోయిందన్న దుగ్ధ ఆయనకి ఇంకా పోలేదన్నాడు. గెలిచినా వెండిగిన్నె తనకి రాదు, ఓడినా దెబ్బ తనకి పడదు, ఇక బంతి ఎలా అందిస్తేనేం అనుకుంటున్నాడన్నాడు. మెట్ల మీది మనిషి వింటున్నాడని కూడా చూడలేదు. వినాలనే గొంతు పెంచాడు.

"తప్పు ఆయనది, దెబ్బలు నావి. ఇదెక్కడి న్యాయం గురువుగారూ?"

గురువు బంతిని చెవి దగ్గర పెట్టుకుని, గాలి ఎక్కడైనా పోతోందేమో విన్నాడు. పోవడం లేదని తేలాక పక్కన పెట్టాడు. ఎన్ని కొట్టారని అడిగాడు. ఏడని చెప్పాడు తావ్ యన్.

పలక దింపమనడం అతని హక్కేననీ, దింపుతాననీ గురువు ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని తావ్ యన్ అనుకోలేదు. ముసలాయన మోకాళ్ళ మీద చేతులు మోపి లేచి, వసారా మూలకి వెళ్ళాడు. నిన్న ఆటకి తీసుకెళ్ళిన బుట్ట అక్కడే ఉంది, ఇంకా విప్పలేదు. ఆటకి వెళ్ళే ప్రతి జట్టూ తన పిండి, తన కొరడా తనే తీసుకెళ్ళాలి. ఆట మొదలవకముందే వాటిని అందరి ఎదుటా బల్ల మీద పెట్టాలి. ఎవరి జట్టు ఓడితే వాళ్ళ కొరడాయే పైకి లేస్తుంది. గురువు బుట్టలోంచి తూనీగ సంఘం కొరడా తీసి తావ్ యన్ చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వడిగిన న్యాయం. ఆ ఏడూ ఆయనకి ఇచ్చెయ్యి. ఎవరివి వాళ్ళకి చేరతాయి."

తావ్ యన్ చెయ్యి పిడిని బిగించి పట్టుకుంది, ఆ మాట దాచిపెట్టడం ఎందుకు. కొట్టాలనే ఉంది అతనికి.

మెంగ్ బో లేచాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. స్తంభం పట్టుకుని, ముందు కుడికాలు ఊని, ఎడమకాలిని కొంచెం ఈడ్చుకుంటూ వసారా ఎక్కాడు. నడికట్టు విప్పి, చొక్కా తీసి, మడతపెట్టి అరుగు మీద పెట్టాడు. స్తంభానికి రెండు చేతులూ ఆనించి వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. తావ్ యన్ కొరడా ఎత్తాడు.

"ఒక్క మాట," అన్నాడు గురువు. "పాత గీతల మీద కొట్టకు. అవి వేరేవాళ్ళవి. ఖాళీ చోటు చూసుకుని కొట్టు."

అప్పుడు చూశాడు తావ్ యన్ ఆ వీపుని.

మెడ కింద నుంచి నడుము దాకా గీతలే. కొన్ని తెల్లబడి చర్మంలో కలిసిపోయాయి. కొన్ని లావుగా, తాడు పెట్టి కుట్టినట్టు పైకి లేచి ఉన్నాయి. ఒకదాని మీంచి ఒకటి అడ్డదిడ్డంగా పోయాయి. తొమ్మిదేళ్ళు ఒకే సంఘంలో ఉన్నా, ఒకే కుండలో తిన్నా, తావ్ యన్ ఆ వీపుని ఎన్నడూ చూడలేదు. అందరూ కలిసి ఏట్లో స్నానాలు చేసేటప్పుడు మెంగ్ బో ఎప్పుడూ అందరూ ఒడ్డెక్కాకే దిగేవాడు. పెద్దాయనకి సిగ్గెక్కువని కుర్రాళ్ళంతా నవ్వుకునేవాళ్ళు. వాళ్ళతోపాటు తనూ నవ్వేవాడు.

పదకొండేళ్ళు నాయకుడిగా ఉన్న మనిషి మెంగ్ బో. ఆయన గెలిచి తెచ్చిన వెండిగిన్నెలు సంఘంలో వరసగా పెట్టి ఉంటాయి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. ఓడిన ఆటల సంగతి ఎవరూ ఎత్తరు. తావ్ యన్‌కీ ఎప్పుడూ తట్టలేదు.

"ఎవరివి ఇవి?" అని అడిగాడు. గురువుని అడిగాడో మెంగ్ బోని అడిగాడో అతనికే తెలియదు.

మెంగ్ బో అటు తిరిగే జవాబిచ్చాడు.

"ఎప్పటివో, ఎవరికి గుర్తు? కానివ్వు తమ్ముడూ, చలిగాలి కొడుతోంది."

మెంగ్ బోకి గుర్తు లేకపోతే పోయింది, తావ్ యన్‌కి గుర్తొచ్చింది. పదహారేళ్ళ వయసులో తన మొదటి ఆట. బంతి మీంచి చూపు జనం మీదికి పోయింది. తేలిగ్గా వచ్చిన బంతి కాలి మీంచి జారి తమ వైపే నేల మీద పడింది. ఓడిపోయారు. మెంగ్ బో నాయకుడిగా ఉండగా తావ్ యన్ ఎరిగిన ఓటమి అదొక్కటే. తావ్ యన్ అక్కడ నిలబడలేక పరిగెత్తి, మైదానం వెనక గడ్డివాముల చాటున కూర్చుని ఏడ్చాడు. వెనకాల ఏం జరిగిందో చూడలేదు. చాలాసేపటికి మెంగ్ బో వెతుక్కుంటూ వచ్చాడు. మొహం శుభ్రంగా కడుక్కుని ఉన్నాడు, జుట్టు ఇంకా తడిగానే ఉంది. తామరాకులో ఆవిరికుడుములు తెచ్చాడు. వేడిగా ఉన్నప్పుడే తినమని పక్కన కూర్చున్నాడు. వచ్చే ఆటలో కూడా అదే చోట నిలబడాలి, ఎక్కడికీ పారిపోకు అన్నాడు.

వెనకాల మెత్తటి గడ్డివాము ఉంది. మెంగ్ బో దానికి ఆనుకోలేదు. ఆ సాయంత్రమంతా నిటారుగా కూర్చునే ఉన్నాడు. నాయకుడంటే అలా దర్జాగా కూర్చోవాలి కాబోలు అనుకున్నాడు ఆ రోజు తావ్ యన్. నిన్నటినుంచి తను కూడా దేనికీ ఆనుకోలేకపోతున్నాడు.

కొరడా ఎత్తిన చెయ్యి దానంతటదే కిందికి వచ్చేసింది. కొరడాని తీసుకెళ్ళి బుట్టలో పెట్టాడు. అరుగు మీది చొక్కా అందుకుని, మడత విప్పి, మెంగ్ బో భుజాల మీద కప్పాడు. మొహాన పిండి మీద రెండు చారలు తడిగా కిందికి దిగాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది అతనికి.

గురువు మళ్ళీ కూర్చున్నాడు. ఇంకో బంతి ఒళ్ళోకి తీసుకుని కుట్లు తడమడం మొదలుపెట్టాడు. పలక సంగతి ఆయన ఎత్తలేదు, వీళ్ళూ ఎత్తలేదు.

తావ్ యన్ అడిగాడు. "ఆ ఎడమ మోకాలు ఎన్నాళ్ళనుంచి అన్నా?"

మెంగ్ బో నడికట్టు బిగించుకుంటూ, పోయిన శీతాకాలం నుంచి అన్నాడు. చెబితే తనని పక్కన కూర్చోబెడతారేమోనని భయపడ్డాననీ అన్నాడు. అంత భయం ఆయన గొంతులో తావ్ యన్ ఎప్పుడూ వినలేదు.

"వచ్చే ఆటలో నేనే ఒక మూరెడు ఇవతలికి జరిగి నిలబడతాను."

మెంగ్ బో వద్దన్నాడు. వలకి అంత దగ్గరికొస్తే కన్నం నెత్తి మీదికొచ్చేస్తుంది, కాలు నిలువునా లేపాలి, పది బంతుల్లో నాలుగు తప్పుతాయి, ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళు ఆడిన మనిషి, ఊరికే అనడు.

"తప్పనీ," అన్నాడు తావ్ యన్. "నా వీపు మీద ఇంకా బోలెడు ఖాళీ ఉంది."