వీపు వెనక కుస్తీ

ఏమయ్యా, చూడని సంగతిని కళ్లారా చూసినట్టు చెప్పేవాడా, ఈ మాట నీతోనే. వినేవాళ్లు నోరు తెరుచుకుని విన్నారని సంబరపడకు. నీ నోటిదురుసుకు ఎవడి బతుకు బలైపోతుందో ఎప్పుడైనా ఆలోచించావా? కూర్చో. విను.

వెలిచేడు రాజు కొండమరాజుకు కుస్తీలంటే ప్రాణం. కానీ ఆయనకు దూరపు చూపు ఆనదు. ఆ సంగతి కోటలో అందరికీ తెలుసు. పైకి అనే దమ్ము ఒక్కడికీ లేదు. అందుకే గోదాలో జరిగేది గొంతెత్తి వర్ణించి చెప్పడానికి శరభయ్యను పెట్టుకున్నారు.

ఆ కొలువులో ఎవరూ రాజుకు వీపు చూపకూడదు. కాబట్టి శరభయ్య రాజుకు ఎదురుగా, గోదాకు వీపు పెట్టి నిలబడేవాడు. మొదట్లో మెడ తిప్పి ఓరకంట చూసేవాడు. తర్వాత మెడనొప్పి అని అదీ మానేశాడు. జనం కేకలు వినడం, రాజు ముఖం చూడటం, ఆయనకు నచ్చింది చెప్పడం. ఇంతే శరభయ్య విద్య. దానికి మెడలో బంగారు పతకం కూడా.

ఆ దసరాకు రాజుగారి వస్తాదు రణభీముణ్ణి మారెన్న అనే కొత్త వస్తాదు అమాంతం ఎత్తి వెల్లకిలా పడేశాడు. జనం హోరెత్తారు. శరభయ్య వెనక్కి తిరగనే లేదు.

"పడ్డాడు మారెన్న! గెలిచాడు మన రణభీముడు!"

రాజు చప్పట్లు కొట్టాడు. దసరా కుస్తీలో ఓడినవాడు మర్నాటి సాయంత్రం కొలువుకు వచ్చి తన లంగోటా అప్పగించాలి. మళ్లీ ఈ జన్మలో గోదా మట్టి తొక్కకూడదు. అది అక్కడి ఆచారం. మారెన్న ఏదో అనబోయాడు. పక్కవాళ్లు అతని నోరు మూశారు. "ఊరుకోరా! అది తప్పంటే రాజుగారికి కళ్లు కనపడవు అన్నట్టేరా!"

కొలువులో వల్లభన్న అనే చతురుడు ఉన్నాడు. కుస్తీని కళ్లారా చూశాడు. మారెన్న గోదా గట్టున కూర్చుని ఏడవడమూ చూశాడు. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

తెల్లారేసరికి రాజుకు ఒక కోరిక పుట్టింది.

"నిన్నటి కుస్తీ మళ్లీ చూడాలయ్యా. అదే పట్టు, అదే పడటం. ఉన్నదున్నట్టు!"

శరభయ్య చేతులు జోడించాడు. "జరిగిపోయిన కుస్తీని బ్రహ్మదేవుడు కూడా వెనక్కి తిప్పలేడు ప్రభూ."

వల్లభన్న వెంటనే అందుకున్నాడు.

"బ్రహ్మ తిప్పలేకపోతే బొమ్మలవాళ్లు తిప్పుతారు ప్రభూ!"

"ఎలా?"

"తోలుబొమ్మలతో ఆడిద్దాం. అసలు పట్టు కావాలంటే మెల్లగా ఆడిస్తారు. మళ్లీ మళ్లీ చూపిస్తారు. నిజం కుస్తీలో ఆ సుఖం ఉందా? వర్ణన మాత్రం శరభయ్యగారిదే. నిన్నటి మాటలే చెప్పాలి."

శరభయ్య మీసం దువ్వుకున్నాడు. పొగరుబోతుకు గొయ్యి కూడా పీటలాగే కనిపిస్తుంది.

వల్లభన్న అడిగింది విని బొమ్మలాట ముసలమ్మ మాత్రం హడలిపోయింది. "రాజుగారి వస్తాదు కింద పడినట్టు ఆడిస్తే మా తలలుంటాయా బాబూ?"

"పోతే ముందు నా తల పోతుందిలే అవ్వా."

"నీ తల పోతే నష్టమేముంది? మాది పనిచేసుకు బతికే తల!" అంది గానీ, మారెన్న సంగతి విని బొమ్మల పెట్టె తెరిచింది.

సాయంత్రం సింహాసనానికి దగ్గరగా తెల్లతెర కట్టారు. వెనక దీపాలు వెలిగించారు. మనిషెత్తు బొమ్మలు, కొట్టొచ్చినట్టు కనపడే రంగులు. రాజుకు ప్రతి వేలూ తెలుస్తోంది. శరభయ్య తెరకు ఓ పక్కగా, అలవాటు ప్రకారం వీపు పెట్టి నిలబడి గొంతెత్తాడు.

"అదిగో, మన రణభీముడు సింహంలా దూకాడు!"

తెర మీద రణభీముడి బొమ్మ గాల్లో గిలగిలా కొట్టుకుంటోంది.

"మారెన్న వణికిపోతున్నాడు!"

మారెన్న బొమ్మ ఒక చేత్తో రణభీముణ్ణి ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఆవులింతకు చిటిక వేసుకుంది.

సభ గొల్లుమంది. తన వర్ణనకే ఆ సందడి అనుకుని శరభయ్య ఇంకా రెచ్చిపోయాడు. బొమ్మలు ఆ పడటాన్ని మెల్లగా ఆడి చూపాయి. ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరికి తల. మళ్లీ లేపి, మళ్లీ పడేశాయి. ఇంతలో జాడీ మూతంత నోరున్న ఇంకో బొమ్మ వచ్చింది. మెడలో పతకం. కుస్తీకి వీపు పెట్టి నోరు ఆడిస్తోంది. ఆ వెనకే గాడిద బొమ్మ వచ్చి దాని తలపాగా నమలసాగింది.

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. "శరభయ్యా, ఇప్పుడేం జరుగుతోంది?"

"మన వీరుడు తమకు వంగి నమస్కరిస్తున్నాడు ప్రభూ! ఆహా, ఆ ముఖంలో ఏం తేజస్సు!"

గాడిద తోక ఊపింది.

నవ్వీ నవ్వీ రాజు కళ్లు తుడుచుకున్నాడు. అంతలోనే ఆయన ముఖం మారింది. "వల్లభన్నా, నిన్నటి కుస్తీలోనూ ఇంతేనా? ఈ బొమ్మలది తప్పా, ఆ మాటలది తప్పా?"

వల్లభన్న తల వంచాడు.

"బొమ్మలకు నోరు లేదు ప్రభూ. అబద్ధం ఆడటం వాటి చేతకాదు."

రాజు రణభీముడి వైపు తిరిగాడు. ఆ వస్తాదు ముందుకొచ్చి సాగిలపడ్డాడు. "నేల తాకింది నా వీపే ప్రభూ. చెప్పడానికి నిన్న నోరు రాలేదు."

 రాజు, మారెన్న అప్పగించడానికి తెచ్చిన లంగోటాను మారెన్నకే ఇప్పించాడు. నిజం ఒప్పుకున్నందుకు రణభీముణ్ణి మన్నించి, ఆ పాడు ఆచారాన్నే ఎత్తివేశాడు. బొమ్మలవాళ్లకు ఈనాం భూమి రాశాడు. తన భుజం మీది శాలువా తీసి వల్లభన్నకు కప్పాడు.

శరభయ్య పతకం ఊడబెరికించి, పంచె ఎగగట్టించి, మారెన్నకు ఎదురుగా గోదాలోకి దింపించాడు.

"ఇప్పుడు వర్ణించు. జరిగింది జరిగినట్టు."

"ఎత్తుతున్నాడు... ఎత్తేశాడు మహాప్రభో... తిప్పుతున్నాడు... అయ్యో, పడ్డాను!"

"గెలిచిందెవరు?"

"మారెన్న! మారెన్నే!"

కోట కోటంతా నవ్వింది. ఆ ఉద్యోగంలో శరభయ్య అబద్ధం కలపకుండా చెప్పిన కుస్తీ అదొక్కటే. దానికి ఆయన చెల్లించిన వెల ఆ ఉద్యోగమూ, రెండు పక్కటెముకలూ.